‘పచ్చగా’ అంటే ఏ పచ్చ?

పసిబిడ్డ విరేచనం పోల్చుకోవడంలో తల్లులూ పొరబడుతున్నారు, డాక్టర్లూ పొరబడుతున్నారు

“బిడ్డకు దొడ్డి ఏ రంగులో అవుతోందమ్మా?”

“పచ్చగా పోతోందండీ.”

“ఏ పచ్చ? పసుపుపచ్చా, ఆకుపచ్చా?”

ఈ మూడో ప్రశ్న వేసే తీరిక డాక్టరుకు ఉంటే ఆ బిడ్డ అదృష్టం. వరుసలో ఇంకా యాభైమంది నిలబడి ఉన్నప్పుడు చాలాసార్లు ఆ ప్రశ్న రాదు. తల్లి చెప్పిన ‘పచ్చ’ ఒకటి, డాక్టరు రాసుకున్న ‘పచ్చ’ మరొకటి అవుతుంది.

తెలుగులో మాట ఒక్కటే గాని రంగులు రెండు. చేను పచ్చగా ఉందంటే ఒక రంగు. కళ్ళు పచ్చగా ఉన్నాయంటే మరో రంగు. పెద్దవాళ్ళ విషయంలో ఈ తేడా వల్ల వచ్చే నష్టం పెద్దగా లేదు. కాని నెలల పిల్లలు ఎక్కడ నొప్పి అని నోరు తెరిచి చెప్పలేరు. వాళ్ళ కడుపులో ఏం జరుగుతోందో చెప్పే సాక్షి తడిసిన గుడ్డ ఒక్కటే. ఆ సాక్ష్యాన్ని సరిగా చదవకపోతే రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. భయపడనక్కర లేనిచోట ఇల్లంతా హడావిడి పడుతుంది. నిజంగా భయపడవలసినచోట అందరూ నిబ్బరంగా ఉండిపోతారు. మొదటి పొరపాటుకు డబ్బు ఖర్చవుతుంది. రెండో పొరపాటుకు బిడ్డ ప్రాణమే పోవచ్చు.

పుట్టింది మొదలు

బిడ్డ పుట్టిన మొదటి రెండు మూడు రోజులు దొడ్డి నల్లగా, తారులాగా, జిగటగా ఉంటుంది. గుడ్డకు అంటుకుంటే ఓ పట్టాన వదలదు. తల్లి కడుపులో ఉండగా మింగిన ఉమ్మనీరు, పేగుల్లో ఊరిన జిగురు, పైత్యరసం కలిసి అలా తయారవుతుంది. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా మొదటి 24 గంటల్లోనే ఈ నల్లదొడ్డికి వెళతారు. 48 గంటలు దాటినా వెళ్ళకపోతే పేగులో అడ్డు ఏమైనా ఉందేమో డాక్టరుకు చూపించాలి.

తల్లిపాలు కడుపులో పడిన కొద్దీ నలుపు పోయి, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు వస్తుంది. వారం తిరిగేలోగా పసుపుపచ్చకు తిరుగుతుంది. తల్లిపాలు తాగే బిడ్డ దొడ్డి ఆవపిండి నీళ్ళలో కలిపినట్టు పలచగా, మధ్యమధ్య సన్నని పలుకులతో, కాస్త పుల్లటి వాసనతో ఉంటుంది. మొదటి వారాల్లో రోజుకు ఎనిమిది, పది సార్లు కూడా వెళ్ళవచ్చు. పాలు తాగిన ప్రతిసారీ వెళ్ళే పిల్లలూ ఉన్నారు. ఇది విరేచనాల జబ్బు కాదు.

నెలా పదిహేను రోజులు దాటాక అదే బిడ్డ ఒక్కసారిగా మారవచ్చు. మూడు నాలుగు రోజులకొకసారి, ఒక్కోసారి వారానికొకసారి మాత్రమే వెళుతుంది. వెళ్ళినప్పుడు మెత్తగానే ఉండి, బిడ్డ హుషారుగా పాలు తాగుతూ బరువు పెరుగుతుంటే అది మలబద్ధకం కాదు. డబ్బాపాలు తాగే పిల్లల దొడ్డి మాత్రం కొంచెం ముద్దగా, లేతపసుపు నుంచి గోధుమరంగు వరకు ఉంటుంది.

అక్కరలేని భయాలు

ఈ మార్పులు తెలియక ఇళ్ళలో జరిగే వైద్యం చాలా ఉంది. రోజుకు పదిసార్లు వెళితే “పాలు పడలేదు” అంటారు. తల్లిపాలు మాన్పించి డబ్బాపాలు మొదలుపెడతారు. ఆకుపచ్చగా వెళితే బాలింత ఏదో తిన్నదని తప్పు ఆమె మీద వేసి, పథ్యం ఇంకా బిగిస్తారు. నాలుగు రోజులు వెళ్ళకపోతే ఆముదం పట్టిస్తారు. తమలపాకు కాడకు ఆముదం రాసి ఆసనంలో పెడతారు. లేత కండరం చిట్లితే అక్కడినుంచి నిజమైన బాధ మొదలవుతుంది.

ఆకుపచ్చ రంగు చాలావరకు భయపడవలసింది కాదు. పైత్యరసం పేగుల్లో త్వరగా దిగిపోతే ఆ రంగు వస్తుంది. పైత్యరసం పేగులోకి చేరుతోందనడానికి అది గుర్తు కూడా. ఇనుము కలిసిన చుక్కల మందు వేస్తుంటే దొడ్డి నల్లబడుతుంది. అన్నం మొదలుపెట్టిన పిల్లలకు బీట్‌రూట్ పెడితే ఎర్రగా వస్తుంది. మందు ఏది వాడారో, ఏం తినిపించారో చెబితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

పలచనా, నీళ్ళా?

రంగు తర్వాత తగువు అంతా ఇక్కడే. “నీళ్ళలాగా పోతోంది” అని తల్లి అంటుంది. చూస్తే మామూలు పలచని దొడ్డి. ఇంకొకరు “కొంచెం పలచగా ఉందండీ” అంటారు. చూస్తే గుడ్డంతా తడిసి మధ్యలో నాలుగు పలుకులు తప్ప ఏమీ ఉండదు. రోజుకు మూడుసార్లు గాని, అంతకు మించి గాని పలచగా లేదా నీళ్ళలా పోతే, లేదా మామూలు కంటే ఎక్కువసార్లు పోతే విరేచనాలుగా లెక్కపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లిపాల బిడ్డ తరచు వెళ్ళే మెత్తని దొడ్డిని ఇందులో కలపవద్దని కూడా చెబుతోంది. కాబట్టి లెక్క ఒక్కటే చాలదు. నిన్నటికీ ఈరోజుకీ తేడా ఏమిటన్నదే ముఖ్యం. ఆ తేడా తల్లికి తెలిసినంతగా డాక్టరుకు తెలియదు.

గుడ్డ కూడా మోసం చేస్తుంది. పాత నూలుగుడ్డ నీటిని పీల్చుకుని చుట్టూ పాకించి, గట్టి భాగాన్ని మాత్రం పైన మిగులుస్తుంది. నీళ్ళ విరేచనం కాస్తా ముద్దగా కనిపిస్తుంది. ఈమధ్య పల్లెల్లోకి కూడా వచ్చిన డైపర్లు అంతకంటే ఎక్కువ పీల్చుకుంటాయి. నీళ్ళ విరేచనమైతే అది మూత్రమేమో అనిపిస్తుంది. మరోవైపు మామూలు దొడ్డిలో మూత్రం కలిస్తే నీళ్ళ విరేచనంలా కనబడుతుంది. బరువుగా ఉన్న డైపరు చూసి “మూత్రం బాగానే పోస్తోంది” అని సరిపెట్టుకుంటే, బిడ్డ ఒంట్లో నీరు తగ్గిపోతున్న సంగతి ఎవరికీ తెలియదు.

ఈ తికమక మన పల్లెలకే పరిమితం కాదు. పెద్దవాళ్ళ మలాన్ని గట్టిదనాన్నిబట్టి ఏడు రకాలుగా బొమ్మలు వేసి గుర్తించే పద్ధతిని 1997లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ డాక్టర్లు ప్రకటించారు. ఎన్నో దేశాల ఆసుపత్రులు దాన్ని వాడుతున్నాయి. కాని మెడ కూడా నిలబడని బిడ్డకు, గుడ్డలోనే అన్నీ చేసే బిడ్డకు ఆ బొమ్మలు నప్పలేదు. అందుకని 2009లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు పసిపిల్లలకు వేరే పట్టిక తయారుచేశారు. ఎంత గట్టిగా ఉంది, ఎంత పరిమాణం, ఏ రంగు అన్న మూడింటినీ విడివిడిగా చూడమన్నారు. ఆ తరువాత బ్రసెల్స్ వైద్యులు డైపర్లలోని దొడ్డి ఫొటోలే ఏడు తీసుకుని తల్లిదండ్రులకు, నర్సులకు, డాక్టర్లకు చూపి పరీక్షించారు. ఆ ఏడింటినీ చివరకు గట్టిది, ముద్దగా ఉన్నది, పలచనిది, నీళ్ళలా ఉన్నది అని నాలుగు గుంపులు చేశారు. మనిషికో రకంగా చెప్పే మాట కంటే అందరూ ఒకే ఫొటో పక్కన పెట్టి పోల్చడం మేలన్నదే ఈ ప్రయత్నాలన్నిటి సారం.

అందరూ సరిపెట్టుకునే రంగు

విరేచనాలు ఎక్కువైతే ఇంట్లో ఎవరో ఒకరు గాభరాపడి ఆసుపత్రికి పరుగెత్తుతారు. ఎవరినీ గాభరాపెట్టని రంగు ఒకటి ఉంది. అదే తెలుపు.

సుద్దముక్కలా, సున్నంలా, తడిపిన మైదాపిండిలా, బూడిదలా పాలిపోయిన దొడ్డి చూసి “పాలు తాగే బిడ్డ గదా, పాలరంగులోనే పోతుంది” అని సరిపెట్టుకునే వారున్నారు. నిజానికి పాలు తెల్లగా ఉన్నా దొడ్డి పసుపుపచ్చగానే రావాలి. ఆ పసుపు పాలలోది కాదు. కాలేయంలో తయారైన పైత్యరసం సన్నని నాళం ద్వారా పేగులోకి దిగి దొడ్డికి రంగు వేస్తుంది. రంగు లేదంటే పైత్యరసం దిగడం లేదన్నమాట.

అలా అడ్డుపడే జబ్బుల్లో అతి ప్రమాదకరమైనది బిలియరీ అట్రీషియా. పుట్టిన కొద్ది వారాల్లోనే పైత్యనాళాలు పూడుకుపోతాయి. కిందికి దిగే దారి లేక పైత్యరసం కాలేయంలోనే నిలిచి దాన్ని తినేస్తుంది. పది ఇరవై వేల కాన్పులకు ఒక బిడ్డకు వచ్చే అరుదైన జబ్బు ఇది. అరుదైనది కనుకనే మనసులో మెదలదు. వైద్యం జరగకపోతే ఎక్కువమంది పిల్లలు రెండేళ్ళు నిండకుండానే చనిపోతారు.

దీనికి శస్త్రచికిత్స ఉంది. జపాన్‌లోని సెండాయ్ నగరంలో పనిచేసిన డాక్టర్ మోరియో కసాయ్ 1959లో దాన్ని లోకానికి తెలియజేశారు. పూడిపోయిన నాళాలను తీసివేసి, పేగునే పైకి తెచ్చి కాలేయం అడుగున కుడతారు. పైత్యరసం ఆ దారిన దిగుతుంది. అయితే దీనికి గడువు ఉంది. బిడ్డకు అరవై రోజులు నిండకముందే చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ కాలేయం గట్టిపడిపోయి, కాలేయ మార్పిడి తప్ప దారి ఉండదు. ఆ ఖర్చు, ఆ దూరం, ఆ తిప్పలు పల్లె కుటుంబం తలచుకోవడానికే కష్టం.

మోసం ఎక్కడ?

ఈ జబ్బు ఉన్న బిడ్డ మొదట్లో బాగానే కనిపిస్తుంది. పాలు తాగుతుంది, ఆడుతుంది, బొద్దుగానే ఉంటుంది. మొదటివారంలో దొడ్డి పసుపుగానే ఉండి క్రమంగా పాలిపోవచ్చు. అందువల్ల ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేనాడు “అంతా బాగుంది” అన్న మాట మొదటి నెలంతా చెల్లదు.

కళ్ళు పచ్చబడితే “పుట్టుకామెర్లు, వాటంతటవే పోతాయి” అంటారు. అందులో అబద్ధం లేదు. పుట్టిన మొదటివారంలో సగంమందికి పైగా పిల్లలకు ఆ పచ్చదనం వస్తుంది, రెండు వారాల్లో పోతుంది. పద్నాలుగు రోజులు దాటినా పోకపోతేనే అనుమానించాలి. తల్లిపాల వల్ల కూడా కొందరికి పచ్చదనం కొన్ని వారాలు నిలుస్తుంది గాని, ఆ పిల్లల దొడ్డి పసుపుగానే ఉంటుంది, మూత్రం నీళ్ళలా తేటగా ఉంటుంది. దొడ్డి తెల్లబడి, మూత్రం గుడ్డ మీద పసుపు మరక వేస్తోందంటే సంగతి వేరు. అప్పుడు ఎండలో పడుకోబెట్టడం, ఆకుపసరు పోయించడం, తాయెత్తు కట్టించడం అంటూ గడిపే ప్రతి వారం ఆ అరవై రోజుల్లో కోతే.

మన ఇళ్ళ అలవాట్లు కూడా కొంత అడ్డం. పురిటిగదిలో తలుపులు మూసి, వెలుతురు రాకుండా ఉంచుతారు. పసుపు వెలుగు బల్బు కింద తెల్లటిది కూడా పసుపుగానే కనిపిస్తుంది. ఎన్నో ఇళ్ళలో బాలింతను లేవనివ్వరు. తడిసిన గుడ్డలు అమ్మమ్మో, నాయనమ్మో తీసుకెళ్ళి ఉతికేస్తుంది. కన్నతల్లి చూడనే చూడదు. డాక్టరు అడిగినప్పుడు జవాబు చెప్పేది మాత్రం చూడని ఆ తల్లే.

డాక్టర్ల కళ్ళూ అంతే

తల్లి కన్ను పొరబడితే డాక్టరు కన్ను సరిచేస్తుందన్న నమ్మకం సహజం. ఆ నమ్మకాన్నీ పరీక్షించి చూశారు. పిల్లల వైద్యంలో పనిచేసే సిబ్బందికి బ్రిటన్‌లో పసిపిల్లల దొడ్డి ఫొటోలు చూపి, ఏది మామూలుదో, ఏది పాలిపోయినదో చెప్పమన్నారు. పైత్యం అడ్డుపడిన రంగులను వారు తరచుగా గుర్తించలేకపోయారని 2012లో ఆ పరిశోధకులు ప్రకటించారు. జపాన్, తైవాన్‌లలో మాదిరి రంగుల కార్డు పెడితే తక్కువ ఖర్చుతో జబ్బు ముందే పట్టుబడుతుందని సూచించారు.

ఇందులో డాక్టర్లను తప్పుపట్టవలసింది లేదు. జబ్బు అరుదైనది. చాలామంది డాక్టర్లు ఆ తెలుపు రంగును ఒక్కసారి కూడా కళ్ళారా చూసి ఉండరు. పైగా బిడ్డను తెచ్చిన సమయానికి గుడ్డ శుభ్రంగా ఉంటుంది. ఆసుపత్రికి వస్తున్నామని తల్లి కడిగి, ఉతికి, పౌడరు రాసి తెస్తుంది. డాక్టరు చూడవలసిన సాక్ష్యం ఇంటిదగ్గరే కాలవలో కలిసిపోతుంది. ఇక మిగిలేది మాట. మాటలో ‘పచ్చ’ రెండు రంగులు. ‘తెల్లగా’ అంటే కొందరికి లేతపసుపు, కొందరికి సున్నం.

తైవాన్ తల్లులు ఏం చేశారు?

ఈ చిక్కుకు తైవాన్ చూపిన దారి చాలా తేలికైనది. పసిపిల్లల దొడ్డి రంగులు అచ్చువేసిన కార్డును 2002లో కొన్నిచోట్ల ప్రయోగించి చూసి, 2004 నుంచి దేశమంతటా పిల్లల ఆరోగ్య పుస్తకంలోనే చేర్చారు. మామూలు రంగులు ఒకవైపు, ప్రమాదకరమైన రంగులు ఒకవైపు. తల్లి ఏ పేరూ పెట్టి చెప్పనక్కరలేదు. గుడ్డ పక్కన కార్డు పెట్టి, ఏ గడిని పోలి ఉందో చూస్తే చాలు. అనుమానపు గడిలో పడితే వెంటనే కబురు చేయాలి.

ఫలితం లెక్కల్లో కనిపించింది. అరవై రోజుల లోపు ఈ కార్డు ద్వారా జబ్బును పట్టుకోగలగడం 2004లో నూటికి 72.5 ఉండగా, 2005లో 97.1కి పెరిగింది. అరవై రోజుల లోపే శస్త్రచికిత్స జరిగిన పిల్లలు నూటికి 60 నుంచి 74.3కి పెరిగారు. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. తల్లుల చేతిలో ఒక రంగుల కాగితం. జపాన్ కూడా 2012 నుంచి తల్లీబిడ్డల పుస్తకంలో ఈ కార్డును చేర్చింది.

మనకున్న అవకాశం

కార్డు చేతిలో లేకపోయినా ఇక్కడి పల్లెల్లో అడుగడుగునా అవకాశాలున్నాయి. ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలన్నది 2011 నుంచి నడుస్తున్న కార్యక్రమం. ఈ తేదీలను జబ్బు గడువు పక్కన పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. 14వ రోజు కామెర్లు తగ్గాయా లేదా చూడవలసిన రోజు. 28వ రోజు దొడ్డి రంగు మారిందా చూడవలసిన రోజు. 42వ రోజు అంటే ఆరు వారాల టీకా వేయించే రోజులు. అప్పటికి పట్టుకున్నా అరవై రోజులకు ఇంకా పద్ధెనిమిది రోజులు చేతిలో ఉంటాయి. బరువు తూచి, ఉష్ణోగ్రత చూసి వెళ్ళే ఆశాకు “ఈ గుడ్డ కూడా ఒకసారి చూడమ్మా” అని ఇంటివాళ్ళు చూపిస్తే ఖర్చేమీ లేదు.

ఆ ఆరు వారాల టీకాల్లోనే విరేచనాల నుంచి కాపాడే రోటావైరస్ చుక్కలు కూడా ఉన్నాయి. దేశంలో ఈ చుక్కలు 2016లో మొట్టమొదట మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

చూడవలసిన పద్ధతి కష్టమైనది కాదు. గుడ్డను పగటి వెలుతురులోకి తెచ్చి చూడాలి. తెల్లటి నూలుగుడ్డయితే రంగు బాగా తెలుస్తుంది. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఉతికిన గుడ్డ కాక, తడిసిన గుడ్డనే ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి తీసుకెళ్ళాలి. సిగ్గుపడవలసింది ఏమీ లేదు, డాక్టరుకు అంతకు మించిన ఆధారం లేదు. సెల్‌ఫోనులో ఫొటో తీస్తే ఆరుబయట వెలుతురులో తీయాలి. అయినా ఫోను రంగులు మారుస్తుంది కనుక గుడ్డను మించినది లేదు. మాటల్లో చెప్పవలసి వస్తే “పచ్చగా” అనకుండా “పసుపు కొమ్ము రంగు”, “గోంగూర రంగు”, “సున్నం రంగు” అని వస్తువు పేరుతో చెబితే అందరికీ ఒకే రంగు కళ్ళముందు కనిపిస్తుంది.

ఆలస్యం చేయరాని గుర్తులు

దొడ్డి సున్నంలా, సుద్దలా, బూడిదలా పాలిపోతే, ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టరుకు చూపించాలి. పద్నాలుగు రోజులు దాటినా కళ్ళు పచ్చగా ఉంటే, మూత్రం గుడ్డకు పసుపు మరక వేస్తుంటే, కామెర్లలో ఏ రకమో తేల్చే రక్తపరీక్ష చేయించాలి.

దొడ్డిలో రక్తం, చీము కనిపిస్తే చూపించాలి. బిడ్డ ఉండుండి కాళ్ళు ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తూ, వాంతులు చేసుకుంటూ, ఎర్రటి జిగురులా పోతే పేగులో పేగు దూరి ఉండవచ్చు. అది గంటల్లో ముదిరే ప్రమాదం.

రెండు నెలలు నిండని బిడ్డకు నీళ్ళ విరేచనాలైతే ఇంట్లో వైద్యం కూడదు. అంతకు పైబడిన పిల్లలకు తల్లిపాలు ఆపకుండా ఓఆర్ఎస్ ద్రావణం కొద్దికొద్దిగా తాగించాలి. జింకు మందు ఆశా కార్యకర్త గాని, ఏఎన్ఎం గాని చెప్పిన మోతాదులో పద్నాలుగు రోజులు వేయాలి. కళ్ళు లోతుకు పోయినా, పొట్టచర్మం పట్టి వదిలితే మెల్లగా దిగినా, బిడ్డ సోలిపోయి పాలు తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

ఉతికే ముందు

పెద్ద ఆసుపత్రికి దారి దూరమే. కాని ఆ దారి మొదలయ్యేది పెరట్లోని గుడ్డల గాబు దగ్గర. గుడ్డ ఉతికే చేయి అమ్మమ్మది గాని, తండ్రిది గాని, నీళ్ళలో ముంచేముందు వెలుతురులో ఒక్క చూపు చూడాలి. పసుపైతే సంతోషం. ఆకుపచ్చయితే తొందర లేదు. తెల్లగా కనిపిస్తే మాత్రం ఆ గుడ్డ ఉతకరాదు. దాన్ని అలాగే మడిచి, బిడ్డతోపాటు అదేరోజు డాక్టరు ముందు పెట్టాలి.